గడప మీది మూడు రంగులు



శుక్రవారం పొద్దున్నే మనం చేసే ఒక పని గురించి ఈ వేళ మాట్లాడుకుందాం. వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేస్తాం. ఆ తర్వాత గడప కడిగి, నిండుగా పసుపు రాస్తాం. పసుపు మీద బియ్యప్పిండితో తెల్లటి గీతలు గీసి, మధ్యన వరుసగా కుంకుమ బొట్లు పెడతాం. పొయ్యి మీద పాలు పొంగేలోగా అయిపోయే పని. దీన్ని ఎవరూ కళ అనరు. మనమూ అనుకోము. అత్తగారు చేసింది చూసి మనం చేస్తున్నాం, అంతే.

కాని అదే మనిషి ఇంటికి రంగులు వేయించాలని దుకాణానికి వెళ్ళిందనుకోండి. వందల రంగులున్న పుస్తకం ఒకటి తెచ్చి చేతిలో పెడతారు. ఒక్క గులాబీలోనే ఇరవై రకాలు! ఏది తీసుకోవాలో తోచదు. ఏదో ఒకటి తీసుకుని వచ్చి గోడకు వేశాక, 'అయ్యో, కర్టెన్లకు కలవలేదే' అని బాధ పడతాం. గడప దగ్గర ఒక్క నాడైనా ఇలా బాధ పడ్డామా? లేదు. మూడే రంగులు, మూడూ గట్టి రంగులే, అయినా ఏ రోజూ కంటికి గుచ్చుకోలేదు.

మరి మన పెద్దవాళ్ళు మూడింటితో ఎందుకు సరిపెట్టుకున్నారు? వేరే రంగులు దొరకకనా, లేక అందులో ఏదైనా తెలివి ఉందా? దీనికి సమాధానం మన వంటింట్లో కొంత ఉంది, చరిత్రలో కొంత ఉంది.

ముందు మాటల సంగతి చూద్దాం. 1969లో బెర్లిన్, కే అనే ఇద్దరు అమెరికా పండితులు లోకంలోని అనేక భాషల్లో రంగుల పేర్లు పోల్చి చూశారు. ఏ భాషలోనైనా రంగులకు మూడే పేర్లుంటే అవి తెలుపు, నలుపు, ఎరుపు అయి ఉంటాయని వారు తేల్చారు. తర్వాతనే పసుపు, ఆకుపచ్చ వంటివి వస్తాయట. మన తెలుగునే చూడండి. తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు, ఇవన్నీ మన ఇంటి మాటలు. నీలం సంస్కృతం నుంచి వచ్చింది. 'పచ్చ' అనే ఒక్క మాటను పసుపు రంగుకూ ఆకు రంగుకూ కూడా వాడతాం. పచ్చని పసుపు అంటాం, పచ్చని చేను అంటాం. అంటే మనిషి కన్ను ముందుగా పట్టుకునే రంగులు కొన్నే. మన గడప ఆ కొన్నింటితోనే కట్టిన బొమ్మ.

ఇక వంటింట్లోకి రండి. తెల్ల చీర మీద పసుపు మరక పడితే సబ్బు పెట్టి రుద్దుతాం. వెంటనే ఆ మరక ఎర్రబడుతుంది! కొత్త కోడలైతే కంగారు పడుతుంది. సబ్బులో ఉన్న క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. కొత్త దంపతులకు దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎలా చేస్తాం? నీళ్ళలో పసుపు వేసి, ఇంత సున్నం కలుపుతాం. పాతరోజుల్లో కుంకుమ చేసిందీ ఇలాగే. పసుపుకు సున్నమో మరొక క్షారమో పట్టించి, ఎర్రబడ్డాక ఆరబెట్టేవారు. అంటే గడప మీది పసుపు, గోడకు వేసే తెల్ల సున్నం, ఈ రెండూ కలిస్తే పుట్టేది కుంకుమ. మూడు రంగులూ ఒక ఇంటి పిల్లలే. అందుకే ఒకదాన్నొకటి తోసుకోవు.

మన కరీంనగర్ ప్రాంతానికి ఈ సంగతి మరీ దగ్గరిది. జగిత్యాల, మెట్‌పల్లి వైపు పసుపు చేలు ఎంత పేరు పొందినవో మీకు తెలుసు. 2016లో జిల్లాలు విడిపోయి జగిత్యాల వేరే జిల్లా అయినా, ఆ పసుపు మన పసుపే. పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబోసి, మెరుగు పెట్టే పనుల్లో ఎంతమంది ఆడవాళ్ళ చేతులున్నాయో లెక్క పెట్టగలమా? మనం గడపకు రాసేది ఆ చేతుల కష్టమే.

గడప దాటి గోడ దగ్గరికి వద్దాం. మన పల్లెల్లో పండుగ వచ్చిందంటే గోడలకు సున్నం వేసి, కింద జానెడో మూరెడో ఎత్తున జాజు పట్టీ తీసేవారు. జాజు అంటే ఎర్రమన్ను. కోస్తా వైపు జేగురు అంటారు. ఆ ఎర్ర పట్టీ మీద మళ్ళీ తెల్లటి ముగ్గు. చూడటానికి ఎంత నిండుగా ఉండేదో! అందం ఒక్కటే కాదు, ఉపయోగం కూడా ఉంది. వాన చినుకులు నేల మీది మట్టిని గోడకు చిమ్మితే ఆ మరకలు ఎర్ర పట్టీలో కలిసిపోతాయి. పై తెలుపు తెల్లగానే ఉంటుంది. ఇంటి పని చేసే మనిషికి తప్ప ఇలాంటి ఉపాయం ఎవరికి తోస్తుంది?

బతుకమ్మ సంగతి మరి చెప్పనే అక్కర్లేదు. తంగేడు పసుపు, గునుగు తెలుపు. ఆ తెల్ల గునుగు కొనలను రంగు నీళ్ళలో ముంచి మరో రంగు తెచ్చుకుంటాం. వరుస వరుసకు రంగు మార్చి, మళ్ళీ మొదటి రంగుకు వచ్చి పేరుస్తాం. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు, తంగేడును రాష్ట్ర పుష్పం చేశారు. కాని ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలన్న శాస్త్రం మాత్రం ప్రభుత్వం చెప్పింది కాదు, మన అమ్మమ్మలు చెప్పింది.

ఇంతవరకు పసుపు, తెలుపు, ఎరుపుల సంగతి. ఇప్పుడు మన తెలుగువాళ్ళు మూడు రంగులతో దేశదేశాలు తిరిగిన కథ ఒకటి చెబుతాను. దాని పేరు తేలియా రుమాలు.

రుమాలంటే చేతిలో పట్టుకునే చిన్న గుడ్డ కాదు. తలకు చుట్టుకునేంత పెద్ద చదరపు బట్ట. ఎరుపు, నలుపు, తెలుపు, ఇవే దాని రంగులు. నలుపు ఒక్కోసారి ముదురు గోధుమలోకి దిగుతుంది. అంతకు మించి నాలుగో రంగు లేదు. మొదట చీరాలలో నేసేవారు. మన వైపు చేపలు పట్టేవారు, పశువుల కాపరులు తలపాగాగా, లుంగీగా కట్టుకునేవారు. హైదరాబాదులో నిజాం ఇంటి స్త్రీలు ఓణీలుగా వేసుకునేవారు. ఓడలెక్కి అరబ్బు దేశాలకూ, తూర్పు ఆఫ్రికాకూ పోయేది. ఒకే బట్ట కాపరి తల మీదా ఉంది, నవాబుగారి ఇంట్లోనూ ఉంది. అలాంటి బట్టలు ఎన్ని ఉంటాయి చెప్పండి?

తేలియా అనే పేరు నూనె వల్ల వచ్చింది. ఆముదమో నువ్వుల నూనో తీసుకుని, ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్ళతో కలిపి, అందులో నూలును నానబెట్టి పిసుకుతారు. ఎండలో ఆరబెడతారు. మర్నాడు మళ్ళీ నానబెట్టడం, మళ్ళీ ఆరబెట్టడం. ఇలా రెండు మూడు వారాలు సాగుతుంది. నూనె, బూడిద క్షారం కలిసి నూలు లోపలి దాకా పోతాయి. అప్పుడు రంగు లోతుగా పడుతుంది, ఉతికినకొద్దీ నిగ్గు తేలుతుంది తప్ప వెలవెలబోదు. ఆ నూనె వల్లనే ఎండలో తలకు చల్లగా ఉంటుందని కట్టుకునేవారు చెబుతారు. కొత్త బట్టకు నూనె వాసన కూడా ఉంటుంది.

ఇక ఎరుపు, నలుపు ఎలా వచ్చాయో వినండి. మన తీరంలో ఇసుక నేలల్లో చిరివేరు అనే చిన్న మొక్క ఉంటుంది. దాని వేరులో ఎర్ర రంగు ఉంది. పటిక పట్టించిన నూలును ఆ రంగులో ఉడకబెడితే ఎర్రగా వస్తుంది. ఇనుము నానిన నీళ్ళు పట్టించిన నూలును అదే రంగులో ఉడకబెడితే నల్లబడుతుంది. రంగు ఒకటే, దానికి తోడుగా ఇచ్చిన పదార్థం వేరు. ఏమీ పట్టించని చోట తెలుపు. చింతపండు పులుసు ఇనుప మూకుట్లో పెడితే నల్లబడుతుందని మనకు తెలిసిన విషయమే కదా! అద్దకంవాళ్ళకు తెలిసిందీ ఆ జాతి రహస్యమే. బందరు కలంకారీలో ఎర్ర పూలకు నల్ల గీతలు వచ్చిందీ ఈ లెక్క మీదనే. కాబట్టి ఈ మూడు రంగులూ యాదృచ్ఛికంగా కలిసినవి కావు. పసుపు, సున్నం, కుంకుమల మాదిరిగానే ఇవీ ఒక పొయ్యి మీద పుట్టిన అక్కచెల్లెళ్ళు.

1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఈ వేరుల్లో ఉండే ఎర్ర పదార్థాన్ని బొగ్గు తారు నుంచి తీసిన సరుకుతో తయారు చేశారు. దాన్నే అలిజరిన్ అంటారు. మరుసటి ఏడే కర్మాగారాల దారి పట్టింది. ఫ్రాన్సులో ఇటువంటి వేరు పండించే పొలాలు కొద్ది ఏళ్ళలోనే పాడుపడ్డాయి. మన చిరివేరు తవ్వేవాళ్ళ బతుకూ అదే దారి పట్టింది. కాని తేలియా నేతగాళ్ళు ఏం చేశారో తెలుసా? వేరుకు బదులు అలిజరిన్ పొడి వాడుకున్నారు, నూనె పట్టించే పాత పద్ధతిని మాత్రం విడవలేదు. డబ్బాలో ఏ రంగు కావాలంటే ఆ రంగు దొరికే కాలం వచ్చినా ఆ మూడింటినే అట్టే పెట్టుకున్నారు. బొమ్మలు మాత్రం కాలంతో మారాయి. పాతవాటిలో చదరాలు, గళ్ళు ఉంటే, తర్వాతి కాలంలో గడియారాలు, విమానాలు, గ్రామఫోన్లు కూడా వచ్చాయి. ఎరుపు నలుపుల్లో గ్రామఫోను బొమ్మ! మన ఇళ్ళలో గ్రామఫోను లేకపోయినా ఎక్కడో అరబ్బు దేశంలో ఎవరి తల మీదనో ఉండి ఉంటుంది.

తర్వాత ఎగుమతులు తగ్గాయి. చీరాలలో ఈ నేత దాదాపు అడుగంటింది. పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాక నేతగాళ్ళు దాన్ని నిలబెట్టారు. ఇప్పుడా ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అక్కడి గజం గోవర్ధన గారికి 2011లోనూ, గజం అంజయ్య గారికి 2013లోనూ పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. రుమాలుగా పుట్టిన ఆ మూడు రంగులు ఇప్పుడు చీరలుగా, దుపట్టాలుగా మన ముందుకు వస్తున్నాయి.

నాలుగో రంగు ఎందుకు లేదన్నది ఇప్పుడు అర్థమవుతుంది. ఈ నేతలో బట్ట నేశాక రంగు అద్దరు, నేయకముందే నూలుకు అద్దుతారు. తెల్లగా ఉండవలసిన చోట నూలును గట్టిగా కట్టి, తక్కినదాన్ని ఎరుపులో ముంచుతారు. ఎర్రగానే ఉండవలసిన చోట మళ్ళీ కట్టి నలుపులో ముంచుతారు. ఒక్కొక్క రంగు పెరిగితే మరొకసారి కట్టాలి, ముంచాలి, ఆరబెట్టాలి, విప్పాలి. అందులో ఒక్క దారం జరిగినా బొమ్మ చెదురుతుంది. రంగు ఊరికే రాదు, ప్రతి రంగూ ఒకరి నడుం నొప్పి.

ఆ నొప్పి ఎవరిదో కూడా చెప్పుకోవాలి. ఇలాంటి చీరలకు నూలును ఆసు పోయాలి. ఒక కర్రకూ, అర్ధచంద్రాకారంలో ఉన్న మేకులకూ మధ్య దారాన్ని అటూ ఇటూ చుట్టడమన్నమాట. నేసేది మగవారని పేరు, ఆసు పోసేది ఇంట్లో ఆడవాళ్ళు. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు ఆడాలి. భుజాలు పడిపోతాయి. ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మి అనే తల్లి పడే బాధ చూడలేక కొడుకు చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. ఆయన పెద్ద చదువులు చదవలేదు, ఆరో తరగతిలోనే బడి మానేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఎన్నో వందల ఏళ్ళుగా మన బట్టల అందాన్ని మెచ్చుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ తల్లి భుజం వైపు చూసినవాడు కొడుకు. అందుకే ఈ కథ ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా చెప్పండి.

మూడు రంగుల మహిమ మన జెండాలో లేదా? 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశం జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీజీకి చూపిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ రెండే ఉన్నాయి. తక్కిన అందరి కోసం తెలుపు కూడా ఉండాలన్నారు గాంధీజీ. తర్వాత రంగులు మారి, 1947 జూలై 22న ఇప్పటి జెండా ఖాయమయింది. రెండు గట్టి రంగుల మధ్య తెలుపు వస్తే రెండింటికీ గౌరవం మిగులుతుంది. ఇది మన గడపా చెబుతుంది, తేలియా రుమాలూ చెబుతుంది.

పడమటి దేశంలోనూ ఒక గృహిణి ఈ సంగతి కనిపెట్టింది. హాలెండులో ఉట్రెక్ట్ అనే ఊళ్ళో త్రూస్ ష్రోడర్ అనే ఆమెకు 1923లో భర్త పోయాడు. ముగ్గురు పిల్లలు. పెద్ద ఇల్లు వద్దు, పిల్లలతో కలిసి ఉండే ఇల్లు కావాలని రీట్‌వెల్ట్ అనే వడ్రంగి పని నేర్చిన శిల్పితో కలిసి కూర్చుని 1924లో ఒక చిన్న ఇల్లు కట్టించుకుంది. మేడ మీద గదుల మధ్య గోడలు జరుపుకోవచ్చు. పగలు ఒకటే పెద్ద గది, రాత్రి వేరువేరు గదులు. రంగులు మూడే: ఎరుపు, పసుపు, నీలం. తక్కినదంతా తెలుపు, బూడిద రంగు, నలుపు. చుట్టుపక్కల అన్నీ ఇటుక ఇళ్ళు, వాటి చివర ఈ ఇల్లు! ఎవరేమనుకున్నా ఆమె 1985లో కన్నుమూసేదాకా అందులోనే కాపురముంది. 2000లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పక్షం చిత్రకారుడు మోండ్రియన్ బొమ్మల రంగులతో 1965లో ప్యారిస్‌లో ఇవ్ సేన్ లారాన్ గౌనులు కుట్టిస్తే లోకమంతా కొత్త ఫ్యాషన్ అని చెప్పుకుంది. మనం ప్రతి శుక్రవారం చేసే పనికి మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు!

సరే, ఈ చరిత్ర అంతా మన ఇంటికి ఎలా పనికొస్తుందంటారా? గడపనే గురువుగా పెట్టుకోండి. గడప మీద మూడు రంగులూ సమానంగా ఉండవు. పసుపు పరుచుకుని ఉంటుంది, తెలుపు గీతగా ఉంటుంది, కుంకుమ బొట్టుగా ఉంటుంది. గదిలోనూ అంతే. ఒక రంగు పదింట ఆరు పాళ్ళు, రెండోది మూడు పాళ్ళు, మూడోది ఒక్క పాలు. గోడలు సున్నపు తెలుపు అయితే, తెరలూ దుప్పటీ పసుపు అయితే, ఎరుపు ఒక దిండుకో పూలకుండీకో చాలు. అన్నిటికీ ఎరుపు పెడితే బొట్టు పెట్టుకోవడం కాదు, ముఖమంతా కుంకుమ పూసుకోవడం అవుతుంది. చీర విషయంలోనూ ఇదే. నల్ల రవికె, ఎర్ర చీర, తెల్ల అంచు ఉంటే పూసలూ గాజులూ నాలుగో రంగు తేవద్దు.

రెండో మాట. గట్టి రంగులు రెండు పక్కపక్కన వస్తే మధ్యలో తెలుపు గీత పెట్టండి. మూడో మాట, మూడు రంగులకూ ఏదో చుట్టరికం ఉండాలి. మట్టి రంగులైతే మూడూ మట్టి రంగులే, పూల రంగులైతే మూడూ పూల రంగులే.

బజారులో తేలియా అని చెప్పి అచ్చు వేసిన బట్టలు అమ్ముతుంటారు. కొనేముందు బట్ట తిరగేసి చూడండి. అచ్చు బట్టకు వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. నూలుకే రంగు వేసి నేసిన బట్ట రెండు వైపులా ఒకటే. బొమ్మ అంచులు కూడా గీత గీసినట్టు ఉండవు, కాస్త చెదిరి, తడి ముగ్గు అంచులా ఉంటాయి. ఆ చెదురు లోపం కాదు, చేతి గుర్తు. అచ్చు బట్ట కొనడం తప్పని నేననను. మన బడ్జెట్టు మనకు తెలుసు. కాని దాన్ని అచ్చు బట్ట ధరకే కొనండి, నేత ధర ఇచ్చి మోసపోకండి. మీరు ఎక్కువిచ్చిన డబ్బు ఆసు పోసిన చేతికి చేరదు.

చివరిగా ఒక్క మాట. ఇప్పుడు చాలా ఇళ్ళలో గడపకు పసుపు రంగు పెయింటు వేయించి, ముగ్గు స్టిక్కరు అంటిస్తున్నారు. ఉద్యోగాలకు పరుగెత్తే అమ్మలను తప్పు పట్టలేం. అపార్టుమెంటులో వాకిలే లేదు మరి. కాని ఏడాదికి ఒక్కసారి, బతుకమ్మ పండుగ నాడో ఉగాది నాడో, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేత్తో పసుపు రాయించండి. ఒక గిన్నెలో పసుపు నీళ్ళు పోసి, చిటికెడు సున్నం వేసి ఎర్రబడటం చూపించండి. రసాయన శాస్త్రం పాఠం అక్కడే మొదలవుతుంది. ఇది నీకెవరు చెప్పారమ్మా అని అడిగితే, 'మా అమ్మ' అని చెప్పండి. ఆమెకు ఎవరు చెప్పారో కూడా గుర్తుంటే ఆ పేరూ చెప్పండి. ఏ పుస్తకంలోనూ లేని పేర్లు అవి. మనం చెప్పకపోతే వాటిని తలుచుకునేవాళ్ళు ఉండరు.